అంజూరపు ముద్దను మరవకండి

మరణకరమైన వ్యాధితో మంచం పట్టిన హిజ్కియా రాజు గోడవైపు తిరిగి కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు ఆలకించి 15 సంవత్సరాల ఆయుష్షును అనుగ్రహించినట్లు రాజుల రెండవ గ్రంథం 20వ అధ్యాయం తెలుపుతుంది. ఆ వాగ్దానాన్ని వినిపించిన యెషయా ప్రవక్తయే అంజూరపు పండ్ల ముద్దను తెప్పించి కురుపుపై వేయించాడు. ప్రార్థనకు జవాబు వచ్చిన తరువాత కూడా చికిత్స జరిగింది! మన ప్రసంగాలలో ఆ కన్నీటికి దక్కినంత చోటు ఈ ముద్దకు దక్కదెందుకో.

క్షయరోగుల విషయంలో ఇది ప్రాణాలతో ముడిపడిన సంగతి. మందులు సాధారణంగా 6 నెలలు వాడాలి. కాని కొద్ది వారాలకే జ్వరం, దగ్గు తగ్గుముఖం పడతాయి, ఆకలి పుడుతుంది. సరిగ్గా అప్పుడే కొందరు సంఘంలో సాక్ష్యం చెప్పి మందులు మానివేస్తారు. లోపల మిగిలిన క్రిములు క్రమంగా మందులకు లొంగనివిగా మారవచ్చు. అవే ఇంటిలోని పసిబిడ్డలకు సోకవచ్చు. స్వస్థత కొరకు కృతజ్ఞతలు చెల్లించండి, మంచిదే. మందు మానడమే విశ్వాసమనే బోధను మాత్రం నేను అంగీకరించలేను. పాస్టరుగారూ, సాక్ష్యమిచ్చే ఆ సోదరుని దయచేసి ఒక్క మాట అడగండి: ఈ రోజు మాత్రలు వేసుకున్నారా?