పెరటి కబుర్లు: మచ్చల థైమ్‌కు రెండు గండాలు

కిందటి సంచికలో పుదీనా గురించి చెప్పుకున్నాం. ఈసారి దాని చుట్టం థైమ్ సంగతి. తులసి, పుదీనా, థైమ్ అన్నీ ఒకే కుటుంబం. మామూలు థైమ్ ఆకు నలిపితే మన వాము గుర్తుకొస్తుంది. రెండింటిలోనూ ఉన్నది థైమాల్ అనే పదార్థమే.

వీటిలో నేలమీద చాపలా పరుచుకునే రకాలున్నాయి. 'డూన్ వ్యాలీ' అనేది నాలుగైదు అంగుళాల ఎత్తులోనే ఉండిపోతుంది. ముదురాకుపచ్చ ఆకులమీద బంగారు మచ్చలు, నిమ్మ వాసన. చలికాలంలో ఆ మచ్చలు మరీ బాగుంటాయి. బెంగుళూరులో మా మేడమీద ఒక కుండీ పెట్టి, దాని గండాలు రెండూ తెలుసుకున్నాను.

మొదటిది నీరు. థైమ్ పుట్టిల్లు మధ్యధరా తీరపు రాతినేలలు. ఎండకు ఓర్చుకుంటుంది గాని, వేళ్ళ దగ్గర తడి నిలిస్తే కుళ్ళిపోతుంది. వెడల్పాటి కుండీలో తోటమట్టి, ముతక ఇసుక, చిన్న ఇటుకముక్కలు సమపాళ్ళలో కలపండి. ఎరువు గుప్పెడు చాలు. వేలు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీళ్ళు పొయ్యండి. వానాకాలంలో చూరు కిందికి, వెలుతురున్న చోటికి మార్చండి.

రెండవది పచ్చకొమ్మ. అప్పుడప్పుడు మచ్చల్లేని కొమ్మ ఒకటి లేస్తుంది. ఎంత ఏపుగా ఉందోనని మురిసిపోయి వదిలేశాను. మచ్చ ఉన్నచోట పత్రహరితం తక్కువ కనుక ఆ కొమ్మలు నెమ్మదిగా పెరుగుతాయి. పచ్చది వాటిని కప్పేస్తుంది. ఏడాది తిరిగేసరికి నా కుండీలో బంగారం మిగల్లేదు! అలాంటి కొమ్మ కనబడగానే మొదలుకంటా తుంచండి. పారెయ్యక్కర్లేదు, చారులో వేసుకోవచ్చు.

విత్తనం వేస్తే ఈ రంగు వస్తుందన్న నమ్మకం లేదు. కొమ్మతోనే వంశం నిలవాలి. పాకే కొమ్మను మట్టిలో కాస్త పూడ్చి, పైన గులకరాయి పెట్టండి. కొన్ని వారాలకు వేళ్ళూనుతుంది. అప్పుడు కోసి వేరే కుండీలో నాటండి. అలా తీసిన అంటు ఒకటి అంతకుముందే పక్కింటావిడకు ఇచ్చి ఉన్నాను. ఇప్పుడు నా దగ్గరున్నది ఆవిడ తిరిగి ఇచ్చిన కొమ్మే.

చెన్నై, భువనేశ్వర్, యానాం వంటి ఉక్కపోత ఊళ్ళలో దీన్ని చలికాలపు మొక్కగానే చూసుకోండి. ఏడాది పొడుగునా కావాలంటే తెల్ల అంచు వామాకు ఉంది. తమిళులు కర్పూరవల్లి అని, కన్నడిగులు దొడ్డపత్రె అని పిలిచేది ఆ జాతినే. దానికీ పచ్చకొమ్మ బెడద ఉంది, మందూ అదే.

ఏ మొక్కయినా రెండిళ్ళలో ఉంటే నిశ్చింత. మీ అనుభవాలు రాయండి.