పోలీసుస్టేషను ముందు మొక్కజొన్న



మన ఊరి బజారును ఎవరు బాగుచేయాలి? మున్సిపాలిటీ వారు, లేదా ప్రభుత్వము వారు అని మనలో చాలామందిమి వెంటనే జవాబు చెప్తాము. ఇంగ్లాండులో ఒక చిన్న పట్టణము వారు మాత్రము తామే పూనుకొన్నారు. వారి సంగతి ఈ నెల మీతో పంచుకొనదలచాము.

ఆ ఊరు వెస్ట్ యార్క్‌షైరులోని టాడ్‌మోర్డెన్. జనాభా సుమారు 15,000. ఒకప్పుడు నూలు మిల్లులతో బ్రతికిన ఊరు. ఆ మిల్లులు మూతబడిపోయాయి. 2008లో పామ్ వార్‌హర్స్ట్, మేరీ క్లియర్ అనే ఇద్దరు స్త్రీలు, మరికొందరు ఊరివారు కలిసి బజారులో ఖాళీగా పడియున్న నేలలో కూరగాయలు నాటడము మొదలుపెట్టారు. మొదట ఎవరి అనుమతి కొరకూ ఆగలేదు. పోలీసుస్టేషను ముందు మొక్కజొన్న, ఆరోగ్యకేంద్రము వద్ద మందు మొక్కలు, రైల్వేస్టేషనులో, కాలువ గట్టున కూరలు వేసారు. కావలసినవారు ఎవరైనా కోసుకొనవచ్చును.

దొంగలు ఎత్తుకుపోరా అని మనము అడుగుతాము. అందరికోసము పెంచినదానిని ఎవరు దొంగిలించగలరు?

ఈ మడులన్నిటిని కలుపుతూ వారు ఒక నడకదారి ఏర్పరచారు. అది చూడవచ్చినవారిని బజారులోని చిన్న దుకాణములు, కాఫీ హోటళ్ళ మీదుగా నడిపించును. చుట్టుప్రక్కల పండిన సరుకేదో తెలిసేలా వ్రాయుటకు అంగళ్ళవారికి నల్లబల్లలు ఇచ్చారు. కొన్నాళ్ళకు స్థానిక కౌన్సిలు కూడ ఖాళీ స్థలములను ప్రజల సాగుకు ఇవ్వనారంభించింది. బ్రిటనులోను, ఫ్రాన్సులోను మరెన్నో ఊళ్ళు ఈ పద్ధతిని అనుసరించాయి.

ఈ చిన్న మడులు ఊరందరి కడుపు నింపవు. అయితే ఒకరినొకరు పలకరించుకొనని వారు మొక్క దగ్గర నిలబడి మాట్లాడుకొన్నారు. ఊరు మనదే అన్న తలంపు అక్కడే పుట్టును గదా!

మన బస్టాండు ప్రక్కన, బడి గోడ వెంట చెత్త కుప్పలైన జానెడు నేల లేదా? నాలుగు కుటుంబములు కలిసి, సంబంధిత అధికారిని అడిగి, కరివేపాకో, మునగో నాటుదము. ఎండాకాలములో ఏ ఇంటివారు ఏ వారము నీళ్ళు పోయాలో ముందే నిర్ణయించుకొందము. నాటిన రోజున ఫోటోకు వచ్చేవారు చాలామంది. మే నెలలో బిందె మోసేవారితోనే ఆ మొక్క బ్రతుకును.