‘బ్రాడీకార్డియా’ అనగానే బెదరవలదు

మీ ఇంట ఎవరి ఇ.సి.జి. కాగితంపైనైనా ‘సైనస్ బ్రాడీకార్డియా’ అన్న మాట చూచి కలవరపడ్డారా? ఆ కలవరానికి బాధ్యత మీది కాదు, విడమరచి చెప్పని మా వైద్యులది.

గ్రీకు మూలాలను అనుసరించి ‘బ్రాడీ’ అంటే నెమ్మది, ‘టాకీ’ అంటే వేగం, ‘కార్డియా’ అంటే గుండె. ఇక్కడి ‘సైనస్’ ముక్కు ప్రక్కన నొప్పి పెట్టే సైనస్ కాదు. గుండె కుడివైపు పై గదిలో లయను పుట్టించే సహజ కేంద్రమది. అంటే, గుండె తన సహజ స్థానం నుండే, కొంత నెమ్మదిగా కొట్టుకొంటున్నదని ఆ కాగితం చెబుతున్నది. అది పరిశీలన మాత్రమే, రోగనిర్ధారణ కాదు.

పెద్దలకు విశ్రాంతిలో నిమిషానికి 60 నుండి 100 అన్న హద్దు మనం గీసుకొన్నదే. అమెరికా హృద్రోగ వైద్య సంఘాలు 2018 నాటి మార్గదర్శకాలలో దిగువ హద్దును 50గా తీసుకొన్నాయి. యంత్రం మాత్రం 58 కనబడగానే ఆ పేరు ముద్రించి ఊరుకొంటుంది. నిత్యం పరుగెత్తే యువకుని నాడి 45 ఉండవచ్చు. నవజాత శిశువుకు 140 సహజం. పెద్దవారికి కూర్చున్నచోటనే 120 ఉంటే అది టాకికార్డియా. అప్పుడు జ్వరమో, రక్తహీనతో, థైరాయిడ్ ఆధిక్యమో, గుండె జబ్బో, కారణం వెదకవలసిందే.

ఇంత పట్టుబట్టి వ్రాయడానికి కారణముంది. గుండెపోటు వచ్చి కోలుకొన్న ఒక పెద్దాయన, రిపోర్టులో 54, దాని ప్రక్కన ఈ మాట చూచి, తాను వాడుతున్న మెటోప్రొలాల్ మాత్రను తనంతట తానే మానివేశారు. వారం తిరగకముందే ఛాతీనొప్పితో నా వద్దకు వచ్చారు. గుండె వేగాన్ని తగ్గించడమే ఆ మాత్ర పని! దానిని హఠాత్తుగా మానితే గుండెపోటు సైతం రావచ్చు. ‘మందు వలన తగ్గింది, మంచిదే’ అని ఆనాడు ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

నాడి 45 ఉండి, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం, ఆయాసం తోడైతే జాగు చేయరాదు. 80 ఉన్నా తాళం తప్పి కొట్టుకొంటే నిర్లక్ష్యం కూడదు. అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అయితే పక్షవాతానికి దారితీయవచ్చు. కోవిడ్ కాలంలో కొన్న ఆక్సీమీటరు అప్పుడు కూడా నిశ్చింతగా 80 అనే చూపవచ్చు. అందుకే ఐదు నిమిషాలు కూర్చొని, మణికట్టు మీద బొటనవ్రేలి వైపు మూడు వ్రేళ్ళు ఆనించి నిండు నిమిషం లెక్కించండి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేయవద్దు. తాళం తప్పిన నాడి ఆ లెక్కకు అందదు.