వడ్డీ లెక్క మనకెందుకట?

"నవలలు రాసుకునే మీకు వడ్డీ లెక్కలెందుకండీ?" అంటారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమని, దొనకొండలో చేబదులు తెచ్చుకునే ఇల్లాలికి చెప్పేదెవరు? డిపాజిట్లు కట్టించుకునే ఏజెంటా? అతగాడి కడుపు నిండేది కమిషన్‌తోనాయె! 2014-15లో అగ్రిగోల్డ్ చేతులెత్తేస్తే లక్షలమంది పొదుపు చిక్కుకుపోలేదూ?

ఏ కంపెనీ ఉప్పూ తినని ఫ్రీలాన్స్ రచయిత్రే ఇలాంటి లెక్కలు నిర్భయంగా విప్పి చెప్పగలదు. కానీ పత్రికలు ఆమెకు సరైన పారితోషికం ఇవ్వకపోతే? ఆ ఇచ్చేదేదో కంపెనీలే ఇస్తాయి. అప్పుడు కలం తాకట్టులో పడుతుంది, మునిగేది మన పుస్తెలతాడు! అందుకే వంటలకిచ్చే పేజీ వడ్డీ లెక్కకూ ఇవ్వండి, రాసినదానికి డబ్బూ ఇవ్వండి. మనమూ ఒకటి నేర్చుకుందాం. పొదుపు సలహా చదివినప్పుడల్లా, దీన్ని రాసినందుకు డబ్బిచ్చిందెవరని అడుగుదాం.