వంటగట్టుకు కొత్త రాయే కావాలా?

ఇల్లు బాగు చేయించుకుంటున్నారా? అయితే మేస్త్రి వంటింట్లో అడుగు పెట్టగానే అనే మాట నేను చెప్పగలను. “ఈ గట్టు కొట్టేసి కొత్తది వేద్దామమ్మా, ఎంత సేపు!” అంటాడు. నిజమే, కొట్టేయడం ఒక పూట పని. ఆ ముక్కలన్నీ ట్రాక్టరెక్కి ఊరి చివర ఏ చెరువు పక్కనో పడతాయి. సమ్మెట ఎత్తకముందే ఒక్క క్షణం ఆగమనండి. మీ పాత గట్టు మీద ఉన్నదేమిటో చూద్దాం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు పాత ఇళ్లలో నాపరాయి లేని ఇల్లు అరుదు. ఒకరు షాబాదు బండ అంటారు, ఒకరు తాండూరు బండ, ఇంకొకరు కడప బండ, బేతంచెర్ల బండ. పేర్లు వేరైనా అన్నీ సున్నపురాయి జాతివే. ముప్పై నలభై ఏళ్లు నూనె, పసుపు, మసి మింగి నల్లబడి ఉంటుంది కాబట్టి పనికిరానిదిలా కనిపిస్తుంది. చెడిపోయింది పైపొర మాత్రమే. పాలిష్ మిషన్‌తో కాస్త గీకిస్తే లోపల అసలు రంగు బయటపడుతుంది. పైవైపు మరీ గుంటలు పడితే బండను తిరగేయించండి. అడుగు వైపు ఇంతవరకూ ఎవరూ వాడలేదు కదా!

“పాత బండేమిటి, నలుగురూ నవ్వరూ?” అని ఇంట్లో ఎవరైనా అంటే మన జిల్లాల సంగతే చెప్పండి. శ్రీశైలం ముంపు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అలాగే తరలించారు. 1981లో ఊళ్లు ఖాళీ చేసిన జనం తలుపులు, దూలాలు ఊడదీసుకుని కొత్త చోటికి మోసుకుపోయారు. దేవుడి గుడికి పనికొచ్చిన పాత రాయి మన పప్పుగిన్నె పెట్టుకోవడానికి పనికిరాదా? (అలాగని సోమనాద్రి కట్టించిన గద్వాల కోట వైపో, ఏ పాడుబడ్డ గుడి వైపో చూడకండి! అవి ఊరందరి సొత్తు. ఎవరైనా ఇల్లు విప్పుతుంటే ఆ యజమానిని అడిగి కొనుక్కోండి.)

ఇక ఇప్పుడు షోరూముల్లో మెరిసిపోతున్న క్వార్ట్జ్ గట్టు సంగతి. కొన్నింటిలో గాజు ముక్కలు కలిపి “పర్యావరణానికి మేలు” అని చీటీ కూడా అంటిస్తున్నారు. అది గనిలో దొరికే పలక కాదు. క్వార్ట్జ్ పొడిని రెజిన్ అనే జిగురుతో కలిపి అచ్చు పోసినది. అందులో పొడి పాలు నూటికి తొంభై దాకా ఉంటుంది. మచ్చలు పడవు, నిజమే. కానీ పొయ్యి మీంచి దించిన కడాయిని నేరుగా పెడితే జిగురు మాడి మరక పడుతుంది. మన వంటింట్లో అది రోజూ జరిగే పనే.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. ఆ రాయిని కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఎక్కువ. అది ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. ఆస్ట్రేలియాలో ఈ గట్లు కోసిన యువకులే ఆ జబ్బున పడ్డారు. 2024 జూలై 1 నుంచి ఆ దేశం ఈ తయారీ రాయి వాడకాన్నే నిషేధించింది. చీటీ మీద ఎన్ని ఆకులు బొమ్మ గీసినా, కోసేవాడి ఊపిరి తీసే రాయిని నేను మంచిదనలేను.

గ్రానైట్‌లో సిలికా అంత ఉండదు గానీ, ఉంది. కాబట్టి మీ ఇంట్లో ఏ బండ కోసినా బయట, నీళ్లు పోస్తూ కోయమనండి. ముక్కుకు మంచి మాస్కు పెట్టుకోమనండి. “ఏం కాదమ్మా, అలవాటే” అంటాడు. వినకండి. ఒక బకెట్ నీళ్లు మీరే తెచ్చి పెట్టండి. పసిపిల్లల్ని ఆ పూట పక్కింటికి పంపండి.

పాత బండను గోడ నుంచి విడదీసేటప్పుడు సమ్మెట వద్దు. అంచు వెంబడి సిమెంటు కోయించి, ఇద్దరు పట్టి ఎత్తాలి. మోసేటప్పుడు పలకను నిలువుగా పట్టాలి. పడుకోబెట్టి మోస్తే దాని బరువుకు అదే విరుగుతుంది. దించాక నీళ్లు పోసి గుడ్డతో తుడిచేయండి. ఎక్కడైనా సన్నని తడి గీత ఆరకుండా మిగిలితే అది పగులు. తట్టినప్పుడు ఖంగుమంటే గట్టిది, బోలుగా మోగితే పొర విడిచిందన్నమాట. పగిలినది పారేయక్కర్లేదు, బీరువా అరకో గూటికో సరిపోతుంది.

బండ చాలకపోతే గ్రానైట్ కోసే దుకాణానికి వెళ్లి మిగిలిన ముక్కలు అడగండి. పెద్ద పలకలు కోయగా మిగిలినవి ఓ మూల పేర్చి ఉంటాయి. పొయ్యి కింద ఒక రంగు, సింకు పక్కన ఇంకో రంగు వేస్తే ఏం? కావాలని చేయించుకున్నట్టే ఉంటుంది. మందం మాత్రం ఒకటే ఉండేలా ఏరుకోండి, లేకపోతే అతుకు దగ్గర మెట్టు పడి పిండి ఇరుక్కుంటుంది. పాలిష్ కూలీ, ముక్కల ధర, కొత్త రాయి ధర మూడూ ముందే కనుక్కుని కాగితం మీద రాసుకోండి. లెక్క మీకే తెలుస్తుంది.

మొజాయిక్ గట్టు కూడా మంచిదే. పాలరాయి చిప్స్‌ను సిమెంటులో కలిపి పోసి అరగదీస్తారు. కానీ సీసా పెంకులు, పగిలిన గాజులు కలిపి ఇంట్లోనే గట్టు పోయిద్దామనుకుంటే వద్దంటాను. సిమెంటులోని క్షారానికీ గాజుకూ పడదు. తడి తగిలినప్పుడల్లా లోపల జిగురులాంటిది ఊరి ఉబ్బుతుంది, కొన్నాళ్లకు గట్టు నెర్రెలు విచ్చుతుంది. కార్ఖానాల్లో గాజును మెత్తగా నూరి, బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద కలిపి దాన్ని అదుపు చేస్తారు. ఆ కొలతలు మన మేస్త్రికి అందవు.

నాపరాయికీ మొజాయిక్‌కీ ఒకే శత్రువు, పులుపు. నిమ్మరసం, చింతపండు, వెనిగర్, బాత్రూం యాసిడ్ ఏది పడినా మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. అనుమానంగా ఉంటే మూలన ఒక నిమ్మచుక్క వేసి కాసేపాగి చూడండి, సున్నపురాయైతే వెంటనే తెలుస్తుంది. రాగి చెంబులు చింతపండుతో తోమడం సింకులోనే పెట్టుకోండి. పచ్చడి జాడీల కింద పళ్లెం, నిమ్మకాయ కోసేటప్పుడు చెక్క పెట్టుకుంటే చాలు. తుడవడానికి గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బునీరు సరిపోతాయి.

బండ ఎలాగూ ఎత్తుతున్నారు కాబట్టి గట్టు ఎత్తు కూడా సరిచేయించుకోండి. పాత గట్లు ఎవరి కొలతకు కట్టారో తెలియదు గానీ చాలామందికి నడుం నొప్పి అక్కడే మొదలవుతుంది. నిటారుగా నిలబడి చేయి మడవండి. మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందకు గోడ మీద బొగ్గుతో గీత గీసి, మేస్త్రికి దాన్ని చూపించండి.