కిరణమూ కవ్వమూ

పిట్లం వంటి మండల కేంద్రంలో మందుల దుకాణానికి వెళ్లి గాయం కడిగే మందు అడిగినవారికి వెలుతురు చొరబడని సీసా ఒకటి లభిస్తుంది. అందులో హైడ్రోజన్ పెరాక్సైడు నూటికి మూడు నుంచి ఆరు పాళ్లు మాత్రమే, తక్కినదంతా నీరే. పుండు మీద పడగానే నురగలు కక్కే ఆ ద్రవం, ఎండ తగిలితే నీరుగాను ఆక్సిజనుగాను విడిపోతుంది. అందుకే దానికి ఆ చీకటి కాపురం. తనను విచ్ఛిన్నం చేసే వెలుగుతోనే దానిని తయారు చేయాలని శాస్త్రజ్ఞులు పూనుకోవడం విచిత్రంగా తోచవచ్చు. కాని ఆ పూనికకు బలమైన కారణం ఉంది.

1818లో ఫ్రెంచి రసాయనవేత్త థెనార్ ఈ పదార్థాన్ని కనుగొన్నాడు. నేడు ప్రపంచంలో తయారయ్యే పెరాక్సైడులో 95 శాతానికి పైగా ఆంత్రాక్వినోన్ పద్ధతిలోనే వస్తున్నది. దానికి కావలసిన హైడ్రోజనును చాలావరకు సహజవాయువు నుంచి తీస్తారు. పల్లాడియం వంటి ఖరీదైన లోహం ఉత్ప్రేరకంగా కావాలి. సేంద్రియ ద్రావణులూ కావాలి. ఆపైన ద్రవాన్ని 50 నుంచి 70 శాతం దాకా గాఢపరచి ట్యాంకర్లలో దూరప్రాంతాలకు పంపుతారు. చేరినచోట మళ్లీ నీరు కలిపి పలుచన చేస్తారు. అనగా ఒకచోట శక్తి వెచ్చించి తొలగించిన నీటినే మరొకచోట కలుపుతున్నారన్నమాట! గాఢమైన పెరాక్సైడు ఎంత ప్రమాదకరమో 2000 ఆగస్టులో రష్యా జలాంతర్గామి కుర్స్క్ చాటింది. టార్పెడోలో నింపిన పెరాక్సైడు పేలుడుకు దారితీసి 118 మంది ప్రాణాలు పోయాయి.

అయినా ఈ పదార్థాన్ని నిందించనక్కరలేదు. కాగితపు గుజ్జును, నూలు బట్టను తెల్లబరచడంలో క్లోరినుకు బదులు దీనిని వాడితే నదులకు విషం తగ్గుతుంది. పని ముగిశాక మిగిలేవి నీరూ ఆక్సిజనూ మాత్రమే. పోయేటప్పుడు ఇంత నిర్మలంగా పోయే వస్తువు పుట్టేటప్పుడు ఎందుకు అంత మాలిన్యాన్ని మోయాలి అన్నదే అసలు ప్రశ్న.

దానికి సమాధానంగా ప్రయోగశాలలలో రెండు దారులు తెరుచుకున్నాయి. మొదటిది కాంతి మార్గం. టైటానియం డయాక్సైడు, కార్బన్ నైట్రైడు వంటి అర్ధవాహకాల పొడిని నీటిలో కలిపి వెలుగు ప్రసరింపజేస్తే, ఆ రేణువులలోని ఎలక్ట్రానులు ఉత్తేజితమై నీటిలో కరిగివున్న ఆక్సిజనును చేరుతాయి. ఆక్సిజను హైడ్రోజను అయానులతో కూడి పెరాక్సైడు అవుతుంది. రెండవది యాంత్రిక మార్గం. వంటింటి గ్యాస్ లైటరు నొక్కినప్పుడు నిప్పురవ్వ ఎగురుతుంది కదా, దానిలోని సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఒత్తిడికి లోనైన కొన్ని స్ఫటికాలలో విద్యుదావేశం పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. బేరియం టైటనేటు వంటి అటువంటి పదార్థాన్ని నీటిలో కుదిపితే ఆ ఆవేశమే రసాయన చర్యకు ప్రేరణ అవుతుంది. థెనార్ నాడు పెరాక్సైడును రాబట్టిందీ బేరియం సమ్మేళనం నుంచే కావడం కాకతాళీయమే అయినా ముచ్చటైన విషయం. కిరణమూ కవ్వమూ కలిస్తే మరింత మేలు. కాంతి విడదీసిన ఎలక్ట్రాను తిరిగి తన చోటికి చేరకముందే, కుదుపు వలన ఏర్పడిన విద్యుత్ క్షేత్రం దానిని పక్కకు లాగుతుంది.

ఇంతవరకు ప్రశంసనీయమే. కాని 'హరితం' అన్న బిరుదును తొందరపడి కట్టబెట్టరాదు. పురాణంలో క్షీరసాగరాన్ని మథించినప్పుడు అమృతానికన్న ముందు హాలాహలం పుట్టింది. ఈ మథనంలోనూ లెక్కకు రాని హాలాహలం కొంత ఉంది. అనేక ప్రయోగాలలో నీటిని కుదిపేది కరెంటుతో నడిచే అతిధ్వని యంత్రం. బొగ్గు కాల్చి తెచ్చిన విద్యుత్తును దండిగా తాగి పిసరంత పెరాక్సైడు ఇచ్చే పద్ధతి హరితమెలా అవుతుంది? దిగుబడి పెంచడానికి ఆల్కహాలు కలిపితే అది చర్యలో ఖర్చైపోతుంది. దాని ధర ఎవరి ఖాతాలో రాయాలి? ఇక స్వేదనజలంలో సాధించిన విజయం బోరుబావి నీటిలో నిలుస్తుందన్న హామీ లేదు. నీటిలో ఇనుము ఉంటే చాలు, పుట్టిన పెరాక్సైడు పుట్టినట్టే విరిగిపోతుంది.

కనుక ఈ పరిశోధనకు పరీక్షాస్థలం పిట్లం వంటి ఊరే కావాలి. వేసవిలో అక్కడ ఎండకు కొదవ లేదు. 1931లో మంజీర మీద పూర్తయిన నిజాంసాగర్ కూడా ఆ ప్రాంతంలోనే ఉంది. తూముల గుండా దూకే నీటికి ఎవరూ కరెంటు బిల్లు కట్టనక్కరలేదు. ఆ ఎండతో, ఆ ప్రవాహంతో, ఆ నేల నీటితోనే ఎంత వస్తుందో హైదరాబాదులోని రసాయన పరిశోధకులు కొలిచి చెప్పాలి. ఆశ కూడా కొలతకు లోబడి ఉండాలి. లీటరు నీటిలో 34 మిల్లీగ్రాముల పెరాక్సైడు తయారైందనుకుంటే, మూడు శాతం గాఢత గల నూరు మిల్లీలీటర్ల మందుసీసాకు సరిపడే మూడు గ్రాములకై దాదాపు 88 లీటర్ల నీరు కావాలి. పైగా దానిని గాఢపరచాలి. అందువల్ల మందుల దుకాణంలోని సీసా ఇప్పట్లో ఊళ్లో తయారు కాదు. అయితే అద్దకపు నీటిలోని రంగులను విరగగొట్టడానికి అంత గాఢత అవసరం లేదు. అతినీలలోహిత కాంతి తోడైతే పలుచని పెరాక్సైడే అక్కడ పనికి వస్తుంది. తొలి తొట్టిని మందుల కోసం కాక, అటువంటి మురికినీటి పక్కన కట్టడమే సబబు.