చుక్కలు రాలిన స్వరాలు

2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఇళయరాజా సింఫనీ ‘వేలియంట్’ వాయించింది. తెలుగువాళ్లం పొంగిపోయాం. పొంగాల్సిందే. అయితే ఆ సంబరంలో వినబడ్డ మాటొకటి మాకింకా గుచ్చుకుంటోంది. రాసుకుని వాయించడం పాశ్చాత్యుల విద్యట, విని పట్టుకోవడమే మన విద్యట. ఎవరు చెప్పారండీ?

1904లో ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని అచ్చు వేయించారు. తమిళనాట, తెలుగు లిపిలో. ఆ పుటలు ఒకసారి తిప్పి చూడండి. ‘స’ అయితే ఒక అక్షరకాలం, ‘సా’ అయితే రెండు. తారస్థాయికి నెత్తిన చుక్క, మంద్రానికి కాళ్ల కింద చుక్క. గమకాల్లో కంపితానికి అలల గీత, జారుకి ఏటవాలు గీత. ఈ పని వెనక చిన్నస్వామి ముదలియార్ పట్టుదల ఉంది. త్యాగరాజ కృతుల్ని అయిదు గీతల పాశ్చాత్య పద్ధతిలోకి ఎక్కించి 1890ల్లోనే అచ్చు వేసిన మనిషాయన. అంతకు ముందే తచ్చూరు సింగరాచార్య సోదరులు మద్రాసులో తెలుగు స్వరపుస్తకాలు వరసగా తెచ్చారు. ముత్తుస్వామి దీక్షితులైతే ఇంగ్లీషు బ్యాండు మెట్లు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. ‘గాడ్ సేవ్ ది కింగ్’ వరస ‘సంతతం పాహిమాం’ అయింది. ఆ నొట్టుస్వరాలు కూడా 1905లో తెలుగు అక్షరాల్లోనే అచ్చయ్యాయి.

గమకం కాగితానికి లొంగదంటారు. బీథోవెన్ మాత్రం పూర్తిగా లొంగాడా?

మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1961 నుంచి ‘ప్రదర్శిని’ని తమిళ లిపిలోకి మార్చి సంపుటాలుగా తెచ్చింది. మనకు లిపి మార్చే శ్రమ కూడా లేదు. ఉన్నది చదివే ఓపికే లేదు. తెలుగుకి ప్రాచీన హోదా రాగానే శాలువాలు కప్పుకున్నాం, సభలు పెట్టుకున్నాం. మా నర్సీపట్నంలో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా విజయనగరం చేరతాం. 1919లో పెట్టిన సంగీత కళాశాల, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు నేర్పిన చోటు అక్కడుంది. అయినా మన పిల్లల కీబోర్డు గ్రేడు పరీక్షకి అయిదు గీతల పుస్తకాన్ని అడిగినంత పోసి కొంటాం. సరళీ స్వరాలకి మాత్రం జిరాక్సు కాగితం, అదీ సగం చెరిగిపోయింది!

మొన్న ఈ పత్రికలో ఒక గీతాన్ని స్వరంతో వేద్దామని డీటీపీకి ఇచ్చాం. ప్రూఫు వచ్చేసరికి కింది చుక్కలన్నీ రాలిపోయాయి, ‘రి’ మీద చుక్క గుడిలో కలిసిపోయింది. “చుక్కలు లేకపోతే ఏమవుద్దండీ?” అన్నాడు కుర్రాడు. అతణ్ని అనేదేముంది? ఫాంట్లు చేయించినవాళ్లకి ఈ చుక్క గుర్తుకు రాకపోవడమే మా కోపం. నూట ఇరవై ఏళ్ల కిందట సీసపు అక్షరాలు పేర్చి చేసిన పని, ఈరోజు కంప్యూటర్ మీద చేతకాలేదు.

స్వర చిహ్నాలతో కూడిన తెలుగు ఫాంటును తెలుగు విశ్వవిద్యాలయం తయారు చేయించి ఉచితంగా ఇవ్వాలి. పాఠకులకూ ఒక మనవి. మీ ఇంట్లో తాతగారిదో, గురువుగారిదో చేతిరాత స్వరపుస్తకం ఉంటే పాత పేపర్లవాడికి వేయకండి. ఫొటోలు తీసి మాకు పంపండి. వచ్చే సంచిక నుంచి సంచికకో పుట వేస్తాం. ఫాంటు వచ్చేదాకా చుక్కలు చేత్తోనే పెడతాం.